పాలిష్ పట్టిన బొమ్మ

మా మరిది కొత్త టీవీ కొన్నాడు. హాల్లో గోడకి సగం అదే. కొన్నవాడు ఊరికే ఉండలేడు కదా, ఆదివారం భోజనాలకి రమ్మని అందర్నీ పిలిచాడు. గుత్తివంకాయా, పెరుగావడలూ అయ్యాక అసలు వడ్డన మొదలయింది.

"వదినా, ఇది చూడండి. పాత సినిమాయే. కానీ ఎంత క్లీన్‌గా ఉందో! ఒక్క చుక్క కనపడితే నన్నడగండి" అంటూ డిస్కు పెట్టాడు.

సినిమా పేరు 'ప్రిడేటర్'. 1987లో వచ్చింది. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గరూ, అతని బలగమూ అడవిలో దిగటం, కంటికి కనపడని ఒక వింత ప్రాణి వాళ్లని ఒక్కొక్కర్నే వేటాడటం, ఇదీ కథ. నాకిలాంటివి అంతగా పట్టవు. కాకపోతే చిన్నప్పుడు మా అన్నయ్య అద్దెకి తెచ్చిన వీడియో కేసెట్టు మీద చూశాను. ఇన్నేళ్లయినా నాకు జ్ఞాపకం ఉండిపోయింది ఆ ప్రాణి కాదు, చెమట! ఆ మనుషులు సినిమా పొడుగునా చెమటలు కక్కుతూనే ఉంటారు. మొహాన మసీ బురదా, మాసిన గడ్డాలూ, ఊపిరాడని ఉక్కా... చూసేవాళ్లకి రోహిణీకార్తెలో కరెంటు పోయిన మధ్యాహ్నం గుర్తు రావాల్సిందే.

మరిది పెట్టిన డిస్కులో ఆ ఉక్క లేదు. చెమట ఉండటానికి ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మ మీద నీళ్లు చిలకరించినట్టు ఉంది. మొహాలన్నీ మైనం పూసినట్టు నిగనిగలాడిపోతున్నాయి.

"ఏమయ్యా, వీళ్లంతా ఫేషియల్ చేయించుకుని మరీ అడవికి బయల్దేరారా?" అన్నాను.

మా ఆయన నవ్వారు. మరిది నవ్వలేదు. పాపం, డబ్బు పోసి కొన్నాడు.

తర్వాత ఆరా తీస్తే తెలిసింది, 2010లో వచ్చిన ఈ బ్లూరే డిస్కు ఈ విషయంలో బాగా పేరు మోసిందేనట! దానికి రెండేళ్ల ముందు వచ్చిన డిస్కులో బొమ్మ గరుగ్గా ఉందని కొందరు సణిగారు. సరే, గరుకు వద్దంటారా, ఇదుగో అని మొత్తం తుడిచిపెట్టేశారు. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఈ తుడిచే పనికి డిజిటల్ నాయిస్ రిడక్షన్ అని పేరు. బొమ్మలో చప్పుడేవిటి చెప్మా అని మీలాగే నాకూ సందేహం వచ్చింది. రేడియోలో పాటకి అడ్డం పడే గరగరని ఇంజనీర్లు నాయిస్ అంటారు. బొమ్మ మీద కనపడే గరుకునీ అదే పేరుతో పిలిచారు. పేరు పెట్టటంలోనే తీర్పు అయిపోయింది చూశారూ? చప్పుడన్నాక అణచాల్సిందేగా మరి!

నేను బి.ఏ.లో చదివింది చరిత్రా, తెలుగూ. రసాయనాల జోలికి పోయినదాన్ని కాదు. అయినా పట్టుబట్టి తెలుసుకున్నది చెబుతాను. సినిమా ఫిల్ము మీద జిలేటిన్ పూత ఉంటుంది. ఆ పూతలో వెండి లవణాల స్ఫటికాలు కంటికి ఆననంత సన్నగా, ఒక వరసా వావీ లేకుండా చెదిరి ఉంటాయి. వెలుతురు సోకిన స్ఫటికాలు, కడిగాక, నల్లటి వెండి రేణువులవుతాయి. బ్లాక్ అండ్ వైట్ బొమ్మ అంటే ఆ రేణువుల పోగే. రంగుల ఫిల్మయితే చివర్లో వెండిని కడిగేస్తారు, దాని చోట చిన్న చిన్న రంగు మరకలు మిగులుతాయి. తక్కువ వెలుతుర్లో తీయటానికి వాడే ఫిల్ములో స్ఫటికాలు పెద్దవి, అంచేత గరుకూ ఎక్కువే. సన్నరవ్వకీ బొంబాయి రవ్వకీ ఉన్నంత తేడా అనుకోండి. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు నడుస్తాయి, ఏ బొమ్మలోనూ రేణువులు ఇంకోదానిలో ఉన్నచోట ఉండవు. అందుకే హాల్లో పాత సినిమా చూస్తున్నప్పుడు తెర సన్నగా ఊపిరి తీస్తున్నట్టుండేది.

ఇందులో నాకు అర్థమయిన ముఖ్య సంగతి ఒక్కటే. ఈ రేణువులు బొమ్మ మీద పడ్డ దుమ్ము కాదు, అవే బొమ్మ. వాకిట్లో పిండి పడిందని చీపురు పట్టుకుని శుభ్రంగా ఊడ్చేశామనుకోండి, పిండితోపాటు ముగ్గూ పోతుంది. ముగ్గంటేనే పిండి కదా!

మరి ఆ యంత్రం ఊడ్చేదెలా? ఒక పద్ధతిలో ప్రతి చుక్కనీ పక్క చుక్కలతో సరిచూసి, తేడాగా ఉన్నదాన్ని పక్కవాటిలో కలిపేస్తుంది. రెండో పద్ధతిలో ముందు బొమ్మా, వెనక బొమ్మా పక్కన పెట్టుకుని, ఒక్కదాంట్లోనే కనపడి మిగతావాటిలో లేనిదాన్ని చెరిపేస్తుంది. తక్కువ మోతాదులో వాడితే రెండూ మంచి పనివాళ్లే. మోతాదు మించితేనే తంటా. చర్మం మీది సన్న రంధ్రాలూ, చెంప మీది నూగూ, ఖద్దరు చొక్కా నేతా కూడా సన్నటి తేడాలే కదా! రేణువేదో, నూగేదో దానికేం తెలుసు? రెండూ చెరిపేస్తుంది. అలా చెరిపాక బొమ్మ మెత్తబడుతుంది కాబట్టి, మళ్లీ పదునుగా కనపడటానికి అంచుల వెంబడి గీత దిద్దుతారు. దాంతో మనిషి చుట్టూ తెల్లటి వెలుగు అంచొకటి బయల్దేరుతుంది. దేవుడి పటాల్లో తలచుట్టూ ఉండే తేజస్సన్నమాట!

'గ్లాడియేటర్' చాలామంది చూసే ఉంటారు. 2000లో వచ్చిన రోమను వీరుడి కథ. మొదట్లోనే పెద్ద యుద్ధం ఉంటుంది, ఆకాశం నిండా బాణాలు. 2009లో ఆ సినిమాని బ్లూరేగా వేసినప్పుడు ఈ శుభ్రం చేసే యంత్రం ఏం చేసిందంటారు? ఎగురుతున్న బాణాల్లో కొన్నిటిని తినేసింది! బాణం వేగంగా పోతుంది కదా, ఒక బొమ్మలో ఉన్నచోట రెండో బొమ్మలో ఉండదు. యంత్రం దాన్ని చూసి, అయ్యో మరక పడింది అనుకుని తుడిచేసింది. యుద్ధానికి వెళ్లి బాణాలు చెత్తకుండీలో వేసొచ్చినట్టయింది. జనం గోలపెట్టాక మరుసటేడు, 2010లో, సరిచేసి మళ్లీ వేశారు.

'పాటన్' (1970) సంగతి మరీ విడ్డూరం. దాన్ని తీసిందే 65 మిల్లీమీటర్ల పెద్ద నెగటివు మీద. అంత పెద్ద ఫిల్ములో గరుకు ఉండటమే తక్కువ. 2008 నాటి డిస్కులో, లేని దుమ్ముని కూడా దులిపి, ఆ ముసలి సేనాపతి మొహాన్ని ఇస్త్రీ చేశారు. 2012లో మళ్లీ కొత్త డిస్కు వేసుకోవాల్సొచ్చింది.

మనుషుల సినిమాలే కాదు, బొమ్మల సినిమాలనీ వదల్లేదు. 1961 నుంచీ డిస్నీవాళ్లు చిత్రకారుడు పెన్సిలుతో వేసిన గీతని మళ్లీ ఎవరూ దిద్దకుండా, జిరాక్సు లాంటి పద్ధతిలో ఉన్నదున్నట్టు పారదర్శకపు పలకల మీదికి ఎక్కించేవారు. ఆ కాలపు సినిమాల్లో గీత అందుకే కొంచెం మోటుగా, వేసినవాడి చెయ్యి కదిలిన తీరంతా తెలిసేలా ఉంటుంది. 'ది స్వోర్డ్ ఇన్ ది స్టోన్' (1963) అలాంటిదే. 2013 డిస్కులో ఆ గీతలు కరిగి, కొన్ని చోట్ల అయిపూ అజా లేకుండా పోయాయి. 'సిండ్రెల్లా' (1950) 2012 డిస్కులోనూ అంతే, ఆ పిల్ల గౌను మీది సన్న గీతలు మాయమయ్యాయి. బాపుగారి బొమ్మలో గీత లావుసన్నాల్ని ఎవరో బుద్ధిమంతుడు రూళ్లకర్ర పెట్టి సరిచేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సిండ్రెల్లా అదృష్టవంతురాలు. నెగటివు దగ్గరికి మళ్లీ వెళ్లి 2023లో కొత్తగా దిద్దారు, గీతలు తిరిగొచ్చాయి.

ఇదంతా చెబుతున్నాను గాని, తప్పు కంపెనీలదే అనటానికి నాకు నోరు రావటం లేదు. ఎందుకంటే, ఆ పని నేనూ చేయించాను.

మా అమ్మమ్మది ఒకే ఒక్క ఫోటో ఉంది. పెళ్లయిన కొత్తలో తీసింది. చెమ్మకి బూజు పట్టి, గోధుమరంగు మచ్చలు తేలి, ఒక మూల చిరిగి ఉండేది. పెద్దది చేయించి పటం కట్టిద్దామని ఒక స్టూడియోకి పట్టుకెళ్లాను. కంప్యూటరు ముందు చిన్న కుర్రాడు కూర్చున్నాడు.

"మచ్చలన్నీ తీసెయ్యి బాబూ, శుభ్రంగా ఉండాలి" అన్నాను.

"అలాగే ఆంటీ" అన్నాడు. తీసేశాడు కూడా. బూజు మచ్చలు తీశాడు. వాటితోపాటు అమ్మమ్మ మొహం మీది స్ఫోటకం మచ్చలూ తీసేశాడు.

మా అమ్మమ్మకి ఆరో ఏట అమ్మవారు పోసింది. ఆ ఇంట్లో అదే జబ్బుతో ఇద్దరు పిల్లలు పోతే, ఈవిడొక్కతే బతికి బట్టకట్టింది. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా గుంటలు. చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో పడుకుని వేలితో ఆ గుంటలు లెక్కపెట్టేదాన్ని. పటం ఇంటికి తెచ్చి మా పెద్దమ్మకి చూపిస్తే, అద్దాలు సవరించుకుని చూసి చూసి, "ఎవరే ఈవిడ, సినిమా ఆవిడా?" అంది.

కుర్రాణ్ణి ఏమనను? మచ్చలు తీయమన్నది నేనే. ఏ మచ్చ ఫోటోదో, ఏ మచ్చ అమ్మమ్మదో నేను చెప్పలేదు, అతను అడగలేదు. సినిమాలకీ జరుగుతున్నది ఇదే. ఫిల్ము మీద గీతలు పడతాయి, దుమ్ము అంటుతుంది, బూజు పడుతుంది. అవి తీయాల్సిందే, ఎవరూ కాదనరు. అక్కడ ఆగటం తెలియాలి. ఆగాల్సిన చోటు యంత్రానికి తెలీదు, పక్కన కూర్చున్న మనిషే చెప్పాలి. పక్కన మనిషిని కూర్చోబెడితే జీతం ఇవ్వాలి, రోజుల తరబడి పని జరగాలి. దానికన్నా మీట తిప్పేసి ఇంటికి పోవటం తేలిక. పైగా అంగడిలో నిలబడి చూసే మనం, ఏ టీవీ నున్నగా మెరుస్తుంటే దానికేసేగా వేలు చూపిస్తాం?

ఇంకో కారణం కూడా ఉంది. ఈ రేణువులు ఒక పద్ధతి లేకుండా చిందులు తొక్కుతాయి కాబట్టి వాటిని కుదించి చిన్న సంచీలో కుక్కటం కంప్యూటరుకి కష్టం. నునుపు బొమ్మయితే ఇట్టే మడతపడుతుంది. ఇంటర్నెట్టు మీద సినిమాలు పంపేవాళ్లకి ఇది పెద్ద సమస్య. దానికో ఉపాయం కనిపెట్టారు, వింటే మీరు నవ్వుతారు. 2018లో తయారయిన ఎ.వి.1 అనే పద్ధతిలో ఒక ఏర్పాటుంది. పంపేముందు రేణువులు తీసేస్తారు. ఏ తరహా రేణువులు తీశారో ఒక చీటీ రాసి బొమ్మతోపాటు పంపుతారు. మనింటి టీవీ ఆ చీటీ చూసి, అలాంటి రేణువులే సొంతంగా తయారుచేసి బొమ్మ మీద చల్లుతుంది! బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టించి, తవుడంతా పోగొట్టి, పోయిన బలం కోసం విటమిన్లు చేర్చిన గింజలు రేషను బియ్యంలో మళ్లీ కలపటం మనం చూశాం కదా, అదే తంతు. బొత్తిగా లేనిదానికంటే నయమే. కానీ దంపుడు బియ్యం తిన్న నోరు కదండీ, ఊరుకోదు.

సరే, కంపెనీలూ, కుర్రాళ్లూ తుడిస్తే తప్పు. తీసిన దర్శకుడే తుడుచుకుంటే? 2024లో జేమ్స్ కామెరాన్ సినిమాలు మూడు, 'ఏలియన్స్' (1986), 'ది అబిస్' (1989), 'ట్రూ లైస్' (1994), 4కె డిస్కులుగా వచ్చాయి. చూసినవాళ్లలో చాలామంది మొహాలు మైనంలా ఉన్నాయన్నారు. వాటికి ఒప్పుదల ఇచ్చింది స్వయంగా కామెరానే. ఏలియన్స్‌కి ఆ రోజుల్లో వాడిన ఫిల్ము గరుకు తనకెన్నడూ నచ్చలేదని ఆయన ముందే చెప్పుకున్నాడు కూడా.

ఇక్కడ నాకు మాట తడబడుతుంది. నేనూ ఆ పని చేసినదాన్నే మరి! నా మొదటి నవల రెండో ముద్రణకి వెళ్లేముందు తిరగేస్తే, కథానాయిక ప్రతి మూడో పేజీలోనూ ఏడుస్తోంది. నాకే సిగ్గేసింది. సగం ఏడుపులు కొట్టేశాను. నెల తిరక్కుండా తెనాలి నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. పురిటింట్లో మంచం మీద పడుకుని ఆ నవల చదువుతూ తనూ ఏడ్చిందట, ఇప్పుడు కూతురికని కొంటే ఆ ఏడుపేదీ అని నిలదీసింది. జవాబు రాయలేక వారం రోజులు తిరిగాను. చివరికి నా దగ్గరున్న పాత ముద్రణ ప్రతి ఒకటి ఆవిడకి పోస్టులో పంపాను.

కాబట్టి కామెరాన్‌కి తన సినిమా దిద్దుకునే హక్కు ఉందనే నా మతం. కానీ పాత ముద్రణ కూడా ఎక్కడో ఒకచోట దొరకాలి కదా! అమెరికాలోనే ది అబిస్, ట్రూ లైస్ అంతకుముందు బ్లూరేలుగా రాలేదు. మంచి బొమ్మ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లకి మొట్టమొదట అందిందే పాలిష్ పట్టిన బొమ్మ. నాకు ఆయనతో పేచీ అక్కడ.

ఇంతవరకూ చెప్పినవన్నీ కలిగినవాళ్ల కష్టాలు. వాళ్ల నెగటివులు చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఇవాళ చెడగొడితే పదేళ్లకి బాగుచేసుకుంటారు. ప్రిడేటర్‌కి కూడా 2018లో కొత్త డిస్కు వేస్తే గరుకూ, ఉక్కా తిరిగొచ్చాయట. మన సంగతేవిటి? మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే, మిగిలినవి కొద్ది పదులు. టాకీల్లోనూ పోయినవాటికి లెక్కలేదు. వెండి వస్తుందని పాత ఫిల్ములు తూకానికి అమ్ముకున్న రోజులున్నాయి. బొమ్మకి ప్రాణం పోసిన ఆ వెండినే గీకి తీశారు చూడండి! ఇంక మనకి చాలా సినిమాలకి మిగిలేది ఏ అరిగిపోయిన ప్రింటో, దాన్నుంచి ఎక్కించిన వీడియోనో. దాన్ని ఎవరో మొహమాటం లేకుండా తోమేసి 'హెచ్.డి.' అని బిళ్ల అంటించారనుకోండి. అసలుది పోతే, రేపు మన పిల్లలకి తెలిసిన సినిమా ఆ తోమినదే.

'మాయాబజార్' (1957) విషయంలో అంత ప్రమాదం జరగలేదు. 2010లో హైదరాబాదులో దానికి రంగులద్ది, తెర నిండేలా సాగదీసి విడుదల చేశారు. నేనూ పిల్లల్ని తీసుకెళ్లాను. హాలు నిండింది, పిల్లలు ఘటోత్కచుణ్ణి చూసి ఈలలేశారు. కాదనను. కానీ మార్కస్ బార్ట్‌లీ కెమేరా నలుపుకీ తెలుపుకీ మధ్య ఎన్ని ఛాయలు పలికించిందని! ఆ పడవ పాటలో వెన్నెల నీళ్ల మీద ఒకలా, సావిత్రి చెంప మీద ఒకలా ఉంటుంది. రంగులేసిన బొమ్మలో చెంపలన్నిటికీ ఒకే పౌడరు. ఇది రేణువులు తుడవటం కాదు, వేరే వైద్యం. అయినా రోగి మొహంలో కళ పోవటం మాత్రం ఒక్కలాగే ఉంది. తెలుపు నలుపుల మాయాబజార్ ఇప్పటికీ చూడటానికి దొరుకుతోంది కాబట్టి రంగులాయన మీద నాకు కోపం లేదు.

చేయదలుచుకుంటే ఎలా చేయొచ్చో కూడా చెప్పాలి. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955) నెగటివు 1993లో లండనులో ఒక లాబొరేటరీ తగలబడినప్పుడు కాలిపోయింది. అంచులు మాడి, పెళుసెక్కి, చుట్ట విప్పితే విరిగిపోయేలా మిగిలిన ముక్కల్ని ఎవరూ పారేయలేదు. అమెరికాలో ఆస్కార్లిచ్చే అకాడమీ ఆర్కైవు దాచింది. ఇరవై ఏళ్లు గడిచాక ఇటలీలోని బొలోన్యా నగరంలో ఆ ఫిల్ముకి మళ్లీ తడి పట్టించి, మెత్తబరిచి, అతుకులూ పక్క రంధ్రాలూ చేత్తో బాగుచేశారు. చేతిపనే వెయ్యి గంటలు పట్టిందట. అసలు పనికిరాని భాగాలకి ఇతర ప్రతుల నుంచి తీసుకున్నారు. గీతలు తీశారు, మరకలు తీశారు. రేణువుల్ని మాత్రం ఉంచేశారు. 2015లో ఆ సినిమా మళ్లీ లోకానికొచ్చింది.

అందులో ఇందిర్ అనే ముసలమ్మ ఉంది కదా, చునీబాలా దేవి వేసిన వేషం. ఆవిడ సినిమా విడుదల కాకుండానే కన్నుమూసింది. పళ్లు లేని బోసినోరూ, ఎండిపోయిన చెరువు బీటలువారినట్టు మొహం నిండా ముడతలూ... ఆ మొహాన్ని ప్రిడేటర్ తోమిన చేతికి అప్పగిస్తే ఏం మిగులుతుంది చెప్పండి?

మొన్న మరిది ఇంటికి మళ్లీ వెళ్లినప్పుడు ఆ డిస్కు సంచీలో వేసుకెళ్లాను. ముందు టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి నాయిస్ రిడక్షన్ ఎక్కడుందో వెతికించి ఆపించాను. మన టీవీలు కూడా తమ వంతుగా తోముతుంటాయి, తెలుసా? ఇప్పుడు చాలావాటిలో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి ఉంటోంది. అది పెడితే ఇలాంటి సేవలన్నీ ఒక్క దెబ్బకి ఆగిపోతాయి. మరిది అయిష్టంగానే పెట్టాడు.

"ఏవిట్రా, టీవీ అప్పుడే పాడయిందా? గరగరలాడుతోంది" అన్నారు అత్తయ్యగారు.

"పాడవలేదమ్మా, వదిన బాగుచేసింది" అన్నాడు వాడు.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి తమలపాకుల పళ్లెం పక్కన పెట్టి ముందుకి వంగారు. తెర మీద ఇందిర్ ముసలమ్మ అన్నం కలుపుకుని తింటోంది.

"ఈవిడ పేరేవిటే అమ్మాయ్? అచ్చం మా మేనత్తలా ఉంది" అన్నారు, కళ్లు తిప్పకుండా.